సీర్‌సకర్: ముడత చెడకుండా ఎంచుకోవడం, కత్తిరించడం, కుట్టడం

సీర్‌సకర్ అంటే ఒక చార సాపుగా, ఒక చార ముడతగా నేసిన పలచటి నూలుగుడ్డ. అది చేతికి రాగానే చాలామంది ఇస్త్రీ పెట్టె తీసి ఆ ముడతల్ని సాపు చేయబోతారు. ఆ గుడ్డ కొనేదే ముడతల కోసం. ఎండాకాలంలో అది ఒంటికి హాయిగా ఉండేది వాటివల్లే. కొనేటప్పుడు, కత్తిరించేటప్పుడు, కుట్టేటప్పుడు ముడతను కాపాడుకుంటే చాలు, మిగతా పని మామూలు నూలుగుడ్డతో చేసేదే.

దీని పేరు "షీర్ ఒ షకర్" అనే పర్షియన్ మాట నుంచి వచ్చింది. పాలూ పంచదారా అని అర్థం. పాలలా నున్నగా ఒక చార, దాని పక్కనే పంచదారలా గరుకుగా ఇంకో చార. నేతలోనే ఈ తేడా పుడుతుంది. పడుగును, అంటే గుడ్డ పొడవునా వెళ్లే పోగుల్ని, మగ్గంలో రెండు వేరువేరు రోలర్ల మీద చుడతారు. ఒకదాని పోగులు బిగువుగా ఉంటాయి, రెండోదాని పోగులు వదులుగా, కాస్త ఎక్కువ పొడవుగా దిగుతాయి. నేత పూర్తయ్యాక బిగువు పోగులు గుడ్డ పొడవును పట్టి ఉంచుతాయి. వదులు పోగులకు ఆ పొడవులో చోటు చాలక పైకి ఉబ్బుతాయి. బిగువు పోగులు సాపు చార అవుతాయి, వదులు పోగులు ముడత చార అవుతాయి. చారలు ఎప్పుడూ గుడ్డ పొడవునే ఉండేది ఇందుకే.

ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే కుట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కులన్నిటికీ కారణం తెలుస్తుంది. పొడవు వైపు లాగితే గుడ్డ సాగదు, బిగువు పోగులు ఆపుతాయి. అడ్డం వైపు కాస్త లొంగుతుంది. క్రాస్‌లో, అంటే ఏటవాలుగా లాగితే, బాగా సాగుతుంది. నొక్కితే అణుగుతుంది గానీ, తడిపి ఆరేస్తే ముడత తిరిగి లేస్తుంది. ముడత శిఖరాలు మాత్రమే చర్మానికి తగులుతాయి కాబట్టి మధ్యలో గాలి ఆడుతుంది, చెమట పట్టినా గుడ్డ ఒంటికి అంటుకోదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

సీర్‌సకర్‌లా కనిపించే గుడ్డలు చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది ప్లిసే. సాదా నూలుగుడ్డ మీద కాస్టిక్ సోడా ముద్దను చారలుగా అచ్చు వేస్తారు. ముద్ద పడ్డచోట నూలు కుంచించుకుపోతుంది, పడనిచోట గుడ్డ ఉబ్బుతుంది. పలచగా, మెత్తగా ఉంటుంది కాబట్టి రాత్రి దుస్తులకు మంచిదే. కాకపోతే లాగి వేడి ఇస్త్రీ చేస్తే ముడత అణిగిపోయి, మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. రెండోది పాలిస్టర్ గుడ్డను వేడితో ముడత పెట్టినది, మూడోది సాగే పోగు కలిపి నేసినది. పాలిస్టర్‌ది ముడత చెక్కుచెదరదు గానీ చెమటను పీల్చదు. ఎండాకాలం బట్టకు ఇది పెద్ద లోపం.

కొట్లోనే చేయగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఒక జానెడు గుడ్డను పొడవు వైపు రెండు చేతులతో గట్టిగా లాగండి. అసలైన సీర్‌సకర్ సాగదు, ముడత అలాగే నిలుస్తుంది. రబ్బరులా సాగి, వదలగానే ముడుచుకుంటే అందులో సాగే పోగు ఉన్నట్టు. తర్వాత ముడత చార అంచును దగ్గరగా చూడండి. అసలుదానిలో ముడత ఒక పడుగు పోగు దగ్గర మొదలై మరో పోగు దగ్గర తెగ్గోసినట్టు ఆగుతుంది. ప్లిసేలో ఆ గీత అక్కడక్కడ పోగుల్ని దాటి అటూఇటూ జరిగి కనిపించవచ్చు.

మరో పరీక్షను చాలామంది చేయరు, తప్పకుండా చేయాల్సింది మాత్రం అదే. గుడ్డ మధ్యలో చిటికెడు మడత పట్టుకుని, రెండు బొటనవేళ్లతో అడ్డంగా అటూఇటూ లాగండి. పోగులు విడిపోయి సందు కనిపిస్తే నేత పలచన అన్నమాట. అలాంటి గుడ్డతో బిగువైన బట్ట కుడితే పిరుదుల దగ్గర, చంక దగ్గర కుట్టు పక్కన పోగులు జారిపోతాయి. కుట్టు ఎంత గట్టిగా వేసినా లాభం లేదు, జారేది దారం కాదు, గుడ్డ. దాన్ని వదులు చొక్కాకో పిల్లల గౌనుకో ఉంచండి.

ఇంటికి తెచ్చాక అంచునుంచి రెండు పోగులు తీసి చిమటాతో పట్టి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన, చిదిమితే పొడి అయ్యే మెత్తటి బూడిద. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

బరువు సంగతికి వస్తే, చొక్కాలు, గౌన్లు, నైట్ ప్యాంట్లకు చదరపు మీటరుకు 100 నుంచి 150 గ్రాముల గుడ్డ సరిపోతుంది. ప్యాంటుకు, జాకెట్టుకు 170 నుంచి 220 గ్రాములది కావాలి. తెలుపు ఎక్కువున్న పలచటి గుడ్డయితే సాపు చారల్లోంచి లోపలిది కనిపిస్తుంది. వెనకాల అరచేయి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే తెలిసిపోతుంది.

ఎంత కొనాలి? పెద్దవాళ్ల పొట్టిచేతుల చొక్కాకు 150 సెం.మీ. పన్నాలో సుమారు 1.75 మీటర్లు, 110 సెం.మీ. పన్నాలో 2.25 నుంచి 2.5 మీటర్లు. చార 5 మి.మీ. కన్నా సన్నగా ఉంటే కలపకపోయినా కంటికి తెలియదు. 1 సెం.మీ. చారలైతే పక్క కుట్లలో, జేబులో, ముందు పట్టీలో కలపక తప్పదు, దానికి ఇంకో 25 నుంచి 30 సెం.మీ. ఎక్కువ తీసుకోండి. తడిపితే కుంచించుకునేదానికి ఇంకో 5 నుంచి 10 సెం.మీ. కలపండి.

కత్తెర పెట్టకముందు

కుట్టాక బట్టను ఎలా ఉతుకుతారో గుడ్డను ముందు అలాగే ఉతకండి. మిషన్‌లో వేసేదైతే మిషన్‌లోనే వేయాలి, ఊరికే నీళ్లలో ముంచి తీస్తే చాలదు. కోసిన రెండు చివరలకూ ముందు జిగ్‌జాగ్ కుట్టు వేయండి. వదులు పడుగు ఉన్నచోట అంచు తొందరగా పీచు లేస్తుంది, ఒక్క ఉతుకులో 3, 4 సెంటీమీటర్లు పోతుంది. పిండకుండా, గట్టిగా దులిపి, చారలు నిలువుగా ఉండేలా ఆరేయండి. ఆరాక ఇస్త్రీ చేయవద్దు. మడత గీతలుంటే ఆవిరి మాత్రం పట్టి, చేత్తో సర్ది వదిలేయండి.

డిజైన్ ఎంచుకునేటప్పుడు గుడ్డ స్వభావం చూడాలి. ఛాతీ కొలతకు 10 నుంచి 15 సెం.మీ. వదులు ఉంటే గాలి ఆడుతుంది. బిగువుగా కుడితే ముడత సాగి సాపయిపోతుంది, ఇక సీర్‌సకర్ కుట్టీ ప్రయోజనం లేదు. ఇస్త్రీ మడతలతో నిలబడాల్సిన ప్లీట్లు దీనికి నప్పవు. కుచ్చులు పెట్టవచ్చు గానీ, సాదా గుడ్డకు రెండింతలు తీసుకునేచోట దీనికి ఒకటిన్నర ఇంతలు చాలు. ముడతలే సగం కుచ్చు పని చేస్తాయి, రెండింతలు పెడితే నడుము దగ్గర మందంగా గుత్తి కడుతుంది.

కత్తిరించడం

గుడ్డను బల్ల మీద పరిచాక అరచేత్తో రుద్ది సాపు చేయకండి. అలా అదిమి కోసిన ముక్క, కత్తెర వదలగానే ముడుచుకుని పేపర్ కటింగ్ (కొలతలకు కోసుకున్న కాగితపు నమూనా) కన్నా వెడల్పు తగ్గుతుంది. రెండు ముక్కల్ని వేరువేరుగా అదిమి కోస్తే ఒకదానికొకటి సరిపోవు. గుడ్డ తనంతట తాను ఎలా పడుకుంటే అలాగే ఉంచి, పిన్నులకు బదులు బరువులు పెట్టి కోయండి. పిన్నులు పెట్టక తప్పకపోతే సాపు చారలోనే, మార్జిన్ (కుట్టుకు బయట వదిలే అంచు) లోపలే పెట్టండి.

రెండు పొరలుగా మడిచి కోసేటప్పుడు మడత గీత ఒక చార సరిగ్గా మధ్యలో పడాలి, అడుగు పొర చారలు పై పొర చారల కిందే ఉండాలి. పెద్ద చారలైతే ఒక్కొక్క పొరే కోయడం మేలు. కోసిన మొదటి ముక్కను తిరగేసి గుడ్డ మీద పెట్టి, చారకు చార కలిపి రెండోది కోయాలి.

నిలువు కుట్లు, అంటే పక్క కుట్టు, ముందు పట్టీ, జిప్ వచ్చే చోటు, వీలైనంతవరకు సాపు చార మీద పడేలా పేపర్‌ను జరుపుకోండి. అర సెంటీమీటరు జరిపితే చాలు, మిషన్ దగ్గర సగం బాధ తప్పుతుంది. చొక్కా భుజాల మీది యోక్‌ను అడ్డంగా కోయండి. అప్పుడు సాగని బిగువు పోగులు భుజం నుంచి భుజానికి వెళ్తాయి, యోక్ జారదు. పైగా చారలు అడ్డంగా మారి అందంగా ఉంటుంది. జేబును క్రాస్‌లో కోయాలనుకుంటే దాని వెనక పలచటి నూలుగుడ్డ వేసి కలిపి కుట్టండి, లేకపోతే నాలుగు ఉతుకులకే వంకరపోతుంది.

చాక్ గీత ముడతల మీద తెగి తెగి పడుతుంది. నీళ్లతో పోయే మార్కర్ పెన్ వాడండి, ముక్క మీద పరీక్షించాకే. డార్ట్ (బట్ట ఒంటికి అమరేలా వేసే కోసు మడత) కొన, జేబు మూలల్లాంటి చోట్ల దారపు గుర్తులే నమ్మకమైనవి. రెండు పొరల్లోంచి జోడు దారం వదులుగా లాగి, పొరలు విడదీసి మధ్యలో కత్తిరిస్తే రెండు ముక్కల మీదా ఒకేచోట గుర్తు మిగులుతుంది.

బక్రం దగ్గర ఎక్కువమంది తప్పుచేస్తారు

కాలరుకు, కఫ్‌కు, పట్టీకి గట్టిదనం కోసం లోపల అంటించే బక్రాన్ని మామూలుగా ఇస్త్రీ పెట్టెతో అతికిస్తాం. సీర్‌సకర్ మీద అది రెండు విధాల చెడుతుంది. వేడికి, ఒత్తిడికి ముడత అణిగి, జిగురుతో అలాగే బిగుసుకుపోతుంది. చొక్కా అంతా ముడతగా, కాలరు మాత్రం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఇక అణగని ముడత శిఖరాల వెనక జిగురు అందదు. అతికించిన రోజు బాగానే ఉంటుంది. రెండు మూడు ఉతుకుల తర్వాత బక్రం అక్కడక్కడ ఊడి కాలరు మీద బుడగలు లేస్తాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు.

దారి ఇది. పై కాలరుకు సీర్‌సకర్‌ను అలాగే ఉంచండి. కింది కాలరును అదే రంగు పాప్లిన్‌తో కోసి, అంటించే బక్రం ఆ పాప్లిన్‌కే వేయండి. కఫ్ లోపలి ముక్కకు, పట్టీ లోపలి ముక్కకు కూడా ఇదే పద్ధతి. పాప్లిన్‌ను కూడా ముందే ఉతికి ఉంచాలి. లేదంటే అసలు జిగురు లేని పలచటి నూలుగుడ్డనో ఆర్గండీనో తీసుకుని, మార్జిన్‌లో చేతి కచ్చా కుట్టుతో సీర్‌సకర్‌కు కలపండి. ఇలా చేసిన కాలరు పెట్టెలోంచి తీసినట్టు గట్టిగా ఉండదు, వేసవి బట్టకు అలా ఉండనక్కర్లేదు కూడా.

మిషన్ సర్దుబాటు

పలచటి గుడ్డకు 70/10 లేదా 75/11 సూది, ప్యాంటు గుడ్డకు 80/12. కొత్త సూదే వాడండి. మొద్దు సూది వదులు పోగును లాగి గీతలా పీకేస్తుంది. దారం సాదా పాలిస్టర్. కుట్టు పొడవు 2.5 మి.మీ., పైకి కనిపించే కుట్టుకు 3 మి.మీ. ఫుట్ (సూది దగ్గర గుడ్డను అదిమి పట్టే పాదం) ఒత్తిడి తగ్గించే మర మీ మిషన్‌కు ఉంటే కొంత తగ్గించండి. పై పొరను కూడా పళ్లతో లాగే వాకింగ్ ఫుట్ ఉంటే ఈ గుడ్డకే దాని విలువ తెలుస్తుంది.

కారణం ఏమిటంటే, అడుగు పొరను మిషన్ పళ్లు లాక్కుపోతాయి, పై పొరను ఫుట్ అణిచి ముందుకు నెడుతుంది. ముడత ఉన్న గుడ్డలో నెట్టడానికి ఖాళీ ఎక్కువ. 60 సెం.మీ. పక్క కుట్టు వేసి చివరికి వచ్చేసరికి పై పొర అర సెంటీమీటరు మిగిలిపోతుంది. చారలకు అడ్డంగా వెళ్లే కుట్లలో ఇంకో తంటా ఉంది: ఫుట్ ముందు ముడతలు పోగై, సూది కిందికి వచ్చేసరికి చిన్న మడతగా పడి కుట్టులో ఇరుక్కుంటాయి. తిప్పి చూస్తే కుట్టు గీత మీద చీమల్లా వరసగా చిన్న చిన్న మడతలు కనిపిస్తాయి.

నివారణకు, ప్రతి 8 నుంచి 10 సెం.మీ.కి ఒక పిన్ను పెట్టండి. అడ్డం కుట్లకు పిన్నులు చాలవు, చేతి కచ్చా కుట్టు వేయండి. కుట్టేటప్పుడు ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి ఉంచి గుడ్డను తిన్నగా పట్టుకోండి, లాగకండి. 10 సెంటీమీటర్లకు ఒకసారి సూది గుడ్డలో దిగి ఉండగా ఆపి, ఫుట్ ఎత్తి, గుడ్డను ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్లీ దించండి. అసలు బట్ట మొదలుపెట్టకముందు రెండు 15 సెం.మీ. ముక్కల జతలు తీసుకుని, ఒక జతను చార వెంట, ఒక జతను చారకు అడ్డంగా కుట్టి చూడండి. చివరలు సమానంగా వస్తేనే ముందుకు వెళ్లాలి.

కుట్టే వరస

కోసిన వెంటనే మెడ చుట్టూ, చంక చుట్టూ, అంచుకు 6 మి.మీ. లోపల ఒక్క పొర మీదే 2 మి.మీ. కుట్టు వేయండి. మెడకు భుజం దగ్గర మొదలుపెట్టి మధ్యకు రావాలి, రెండోవైపు మళ్లీ భుజం నుంచి మధ్యకు. ఒకే దిక్కుగా చుట్టేస్తే మెడ ఒక పక్కకు సాగుతుంది. భుజం కుట్టు క్రాస్‌గా పడుతుంది కాబట్టి దానిలో 6 మి.మీ. నూలు టేపు గానీ, పలచటి గుడ్డ అంచు పట్టీ గానీ కలిపి కుట్టండి. దాని పొడవు పేపర్ కటింగ్ భుజం కొలతే కావాలి, కోసిన గుడ్డను కొలిచి తీసుకోకూడదు.

పలచటి గుడ్డకు మూత కుట్టు, అంటే ఫ్రెంచ్ సీమ్, అన్నిటికన్నా మంచిది. పీచు లోపలే ఉండిపోతుంది, చర్మానికి గరుకు తగలదు. 1.5 సెం.మీ. మార్జిన్ వదిలితే లెక్క ఇలా వస్తుంది: లోపలి వైపులు ఎదురెదురుగా పెట్టి అంచుకు 6 మి.మీ. దూరంలో మొదటి కుట్టు. మార్జిన్‌ను 3 మి.మీ.కి కత్తిరించండి. లేచిన పీచు ఒక్కటి కూడా మిగలకూడదు, మిగిలితే బయటికి మీసంలా పొడుచుకొస్తుంది. తిరగేసి, కుట్టు అంచున మడిచి, మడతకు 9 మి.మీ. దూరంలో రెండో కుట్టు. బరువు గుడ్డకు ఇది మందమవుతుంది, ఓవర్‌లాక్ చాలు. ఓవర్‌లాక్‌లో అంచు అలలు తేలితే డిఫరెన్షియల్ ఫీడ్‌ను (ముందు పళ్లు వెనక పళ్ల కన్నా ఎక్కువ గుడ్డను లాగేలా చేసే మర) 1.3 దాకా పెంచండి.

లైనింగ్ లేకుండా కుట్టడమే దీనికి సరైన పద్ధతి. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో దుస్తుల తయారీదారు జోసెఫ్ హాస్పెల్ కుట్టించిన సీర్‌సకర్ సూట్లు పేరు తెచ్చుకున్నది ఆ ఊరి ఉక్కను తట్టుకున్నందుకే. జాకెట్టు లోపలి మార్జిన్లకు పలచటి నూలు క్రాస్ పట్టీతో పైపింగ్ చుడితే లైనింగ్ లేని లోటు కనపడదు. స్కర్టుకు లైనింగ్ తప్పనిసరి అయితే నూలు వాయిల్ తీసుకుని, నడుము దగ్గర మాత్రమే కలిపి, కింద విడిగా వేలాడనివ్వండి.

జిప్ వచ్చే చోట రెండు అంచులకూ 2 సెం.మీ. వెడల్పు పాప్లిన్ పట్టీ కచ్చా కుట్టుతో వేసి, ఆ తర్వాత జిప్ కలపండి. పట్టీ లేకపోతే జిప్ పాములా మెలికలు తిరుగుతుంది.

కాజాలు సాపు చార మధ్యలో నిలువుగా పడాలి. అందుకే ముందు పట్టీ వెడల్పు నిర్ణయించేటప్పుడే చారలు లెక్కపెట్టి, పట్టీ నడిమిన సాపు చార వచ్చేలా చూసుకోవాలి. ముడత మీద కాజా వేస్తే ఫుట్ అక్కడే ఆగిపోయి దారం గుట్ట కడుతుంది. సన్నచార గుడ్డలో సాపు చార కాజాకు సరిపోదు, అప్పుడు కింద పలచటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చించేయండి. కోసేముందు కాజా రెండు చివరలా అడ్డంగా పిన్ను గుచ్చితే కత్తి దాటిపోదు.

కింది అంచు మడత కుట్టులో చారలన్నీ అడ్డం వస్తాయి, మూడు పొరల ముడతలు ఒకేచోట చేరతాయి. ఫుట్ వాటిని అణిచేసరికి అంచు వెడల్పు పెరిగి, పళ్లెం అంచులా పైకి లేస్తుంది. దీన్ని ఇస్త్రీతో సరిచేయలేరు. కుట్టకముందే కోసిన అంచుకు 5 మి.మీ. లోపల పెద్ద పెద్ద కుట్లతో ఒక వరస వేసి, దారం కొద్దిగా లాగి, పై గుడ్డ వెడల్పుకు సమానం చేసుకోండి. ఆ తర్వాత మడవండి. ఘేరా ఎక్కువున్న గౌనైతే 4 సెం.మీ. పలచటి నూలుగుడ్డ పట్టీని లోపలి వైపు ముఖంగా వేస్తే మందం సగమవుతుంది. క్రాస్ ఉన్న గౌనును మడిచేముందు ఒక రోజంతా హ్యాంగర్‌కు వేలాడదీయాలి, సాగేదంతా అప్పుడే సాగిపోతుంది.

ఇస్త్రీ, ఉతుకు

కుట్ల వరకే ఇస్త్రీ. బల్ల మీద మందపాటి టవల్ పరిచి, బట్టను బోర్లా వేసి, పెట్టె కొనతో కుట్టు గీత మీద మాత్రం నొక్కి ఎత్తాలి, జరపకూడదు. పొరపాటున ముందు భాగం అణిగిపోతే కంగారుపడకండి. నూలు సీర్‌సకర్ అయితే నీళ్లు బాగా చిలకరించి, చేత్తో నలిపి, వేలాడదీస్తే ముడత లేస్తుంది. పాలిస్టర్ కలిసినదాన్ని ఎక్కువ వేడితో అణిస్తే మాత్రం ఆ చోటు అలాగే మిగిలిపోవచ్చు, అందుకే దానికి తక్కువ వేడి, మధ్యలో గుడ్డ అడ్డం. ప్లిసే అయితే ఇస్త్రీ జోలికే వెళ్లవద్దు.

ఉతికాక మెలితిప్పి పిండితే ముడత చారల మీద అడ్డదిడ్డంగా గీతలు పడతాయి. నీళ్లు కారనిచ్చి, నాలుగుసార్లు గట్టిగా దులిపి, కాలరు, పట్టీ వేళ్లతో లాగి సర్ది, హ్యాంగర్‌కు తగిలించండి. ఆరాక నేరుగా వేసుకోవడమే.